పి.వి. నరసింహారావు ప్రభుత్వ సామాజిక సంస్కరణలు, పదవీచ్యుతి (1971-73): కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేపథ్యంలో పరిశీలన

వ్యాస సంగ్రహం:
1971 సెప్టెంబరు నుండి 1973 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్‌ను పాలించిన పి.వి. నరసింహారావు ప్రభుత్వం భూపరిమితి, బలహీన వర్గాల రాజకీయ ప్రాతినిధ్యం, గురుకుల విద్య వంటి రంగాలలో సంస్కరణలు చేపట్టింది. శాసనసభలో తిరుగులేని ఆధిక్యం ఉండగానే అది అధికారం కోల్పోయింది. ఆ ప్రభుత్వం పోవడానికి తక్షణ కారణం ముల్కీ నిబంధనల వివాదమే అయినా, సంస్కరణలకు గ్రామస్థాయిలో అండగా నిలిచే నిర్మాణం లేకపోవడం దాని బలహీనతకు మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చట్టానికీ, అమలుకూ మధ్య ఏర్పడిన విరామం కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల తరువాతి చరిత్రలో ఏ రూపంలో కనిపించిందో వివరిస్తుంది. 1984లో పదవీచ్యుతి పొంది, నెల రోజులకే తిరిగి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వంతో పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: భూపరిమితి, ముల్కీ నిబంధనలు, జై ఆంధ్ర ఉద్యమం, పటేల్-పట్వారీ వ్యవస్థ, 1/70 నిబంధన, కరీంనగర్, ఆదిలాబాద్.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల (వ్యవసాయ కమతాల గరిష్ఠ పరిమితి) చట్టానికి 1973 జనవరి 1న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ ఏటి మొదటి చట్టంగా అది నమోదయింది. ఆ నెల ముగిసేనాటికి, ఆ చట్టాన్ని రూపొందించిన ప్రభుత్వం అధికారంలో లేదు. రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన అమలులోకి వచ్చింది. చట్టం మాత్రం మిగిలింది. అయితే అది అమలు కావడానికి మరో రెండేళ్లు పట్టింది.

ఈ చట్టానికి కారకుడైన ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు 1921లో వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో జన్మించి, కరీంనగర్ జిల్లా వంగరకు దత్తత వెళ్లారు. 1957 నుండి 1977 వరకు గోదావరి తీరాన ఉన్న మంథని నియోజకవర్గానికి శాసనసభలో ప్రాతినిధ్యం వహించారు. నది దాటితే ఆదిలాబాద్ జిల్లా. భూస్వామ్యం బలంగా వేళ్లూనిన ప్రాంతం నుండి, స్వయంగా భూవసతి గల కుటుంబం నుండి వచ్చిన వ్యక్తి భూపరిమితి చట్టాన్ని తేవడం ఆ కాలపు రాజకీయాలలో ఒక విశేషం.

ఆ ప్రభుత్వ పతనాన్ని వివరించేవారు సాధారణంగా రెండు మార్గాలలో సాగుతారు. ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఉద్యమాలే కారణమని ఒక వాదం. భూస్వాములు తమ ఆస్తుల రక్షణకోసం ప్రాంతీయ ఉద్యమాన్ని వాడుకున్నారని మరొక వాదం. ఈ రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. అయితే ఏ పల్లెలకోసం చట్టం వచ్చిందో ఆ పల్లెలు ప్రభుత్వం పడిపోతున్నప్పుడు ఎందుకు కదలలేదన్న ప్రశ్న రెండింటిలోనూ వెనుకబడింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను ముందుకు తెస్తుంది.

2. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల భూసంబంధాలు

నిజాం పాలన అంతమైన తరువాత 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులు కల్పించింది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారయింది. కాగితంపై ఇవి గొప్ప మార్పులే. కాని కరీంనగర్ జిల్లాలోని అనేక గ్రామాలలో దొర ప్రాబల్యం జాగీరుతో ముడిపడింది కాదు. పట్టా భూమి, బంజరు, శిఖం భూములపై ఆధిపత్యం, పంచాయితీ చెప్పి దండుగ వేసే అధికారం, వెట్టి, జీతగాళ్ల శ్రమ అన్నీ కలిసి ఆ ప్రాబల్యాన్ని నిలిపాయి. వీటన్నిటికీ మూలస్తంభం గ్రామ రికార్డు. పహాణీలో ఎవరి పేరు రాయాలో నిర్ణయించే పట్వారీ, శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, ఫిర్యాదు పోలీసు ఠాణాకు చేరాలో వద్దో చూసే పోలీస్ పటేల్ ఆచరణలో వంశపారంపర్యంగా కొనసాగారు. చాలాచోట్ల వారు దొర కుటుంబీకులు, లేదా ఆ కుటుంబం చెప్పుచేతల్లో ఉన్నవారు.

ఆదిలాబాద్ స్థితి కొంత భిన్నం. గోండులు, కోలాములు నివసించే ఉట్నూరు, ఆసిఫాబాద్ పరిసర ప్రాంతాలలో ప్రధాన సమస్య దొర పట్టా కన్నా భూమి చేతులు మారడం. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం మరణానంతరం నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సేవలను వినియోగించుకుంది. లావుణీ పట్టాల ద్వారా గిరిజనులకు భూములిచ్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో బయటినుండి వచ్చిన రైతులు, వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి ఆ భూములలో గణనీయమైన భాగం వెళ్లిపోయింది. దీనిని అడ్డుకోవడానికి 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధనను 1970లో సవరించారు. అదే జనవ్యవహారంలో ‘1/70’గా స్థిరపడింది. 1970 ఫిబ్రవరి 3 నుండి ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదలాయించడం చెల్లదు. గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనునినుండి సంక్రమించినదేనని, వేరుగా రుజువయ్యేదాకా, చట్టం భావిస్తుంది.

ఈ సవరణ కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వ కాలంలో వచ్చింది. 1971లో ఏర్పడిన ప్రభుత్వానికి ఈ విధంగా రెండు వేర్వేరు కర్తవ్యాలు ఎదురయ్యాయి. కరీంనగర్ వంటి మైదాన జిల్లాలలో పెద్ద కమతాలను విడగొట్టాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఉన్న కొద్దిపాటి భూమిని గిరిజనుల చేయి దాటకుండా నిలపాలి. రెండింటికీ ఒకే యంత్రాంగం ఆధారం. అది రెవెన్యూ శాఖ, దాని అట్టడుగున పటేల్-పట్వారీ.

3. ప్రభుత్వ సామాజిక విధానాలు

3.1 భూపరిమితి

భూపరిమితి చట్టం రాష్ట్రానికి కొత్త కాదు. 1961లోనే ఒకటి వచ్చింది. కాని అందులో పరిమితి భూమి తరగతినిబట్టి 27 ఎకరాల నుండి 324 ఎకరాల వరకు ఉండేది. కుటుంబం కాకుండా వ్యక్తి ప్రమాణంగా ఉండడంతో భార్యాబిడ్డల పేర్లపై భూమిని పంచి చూపడం సులభమైంది. ఫలితంగా మిగులు భూమి నామమాత్రంగానే తేలింది.

1973 చట్టం ఈ రెండు లోపాలనూ సవరించింది. అయిదుగురు సభ్యుల కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకొని, తరి భూమికి 10 నుండి 27 ఎకరాలు, ఖుష్కీ భూమికి 35 నుండి 54 ఎకరాలు పరిమితి విధించింది. మిగులు భూమి పంపిణీలో సాధ్యమైనంతవరకు సగానికి తగ్గకుండా షెడ్యూల్డు కులాలు, తెగలకు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా వెనుకబడిన తరగతులకు ఇవ్వాలని నిర్దేశించింది. భూసంస్కరణను సామాజిక న్యాయంతో ప్రత్యక్షంగా జోడించిన అంశమిది.

చట్టం రాకముందే భూములు చేతులు మారకుండా చూడడం మరొక ముఖ్యమైన చర్య. 1972 మే 2 నుండి వ్యవసాయ భూముల అన్యాక్రాంతంపై నిషేధం అమలులోకి వచ్చింది. ఆ తేదీ తరువాత జరిగిన బదిలీలను పరిమితి లెక్కలో పరిగణించనవసరం లేదని 1973 చట్టం చెప్పింది. 1971 జనవరి 24 తరువాత జరిగినవి చట్టాన్ని తప్పించుకోవడానికి చేసినవి కావని నిరూపించే భారం భూయజమానిపైనే ఉంచింది. ఇదే కాలంలో పట్టణాలలోని ఖాళీ స్థలాల అన్యాక్రాంతంపైనా నిషేధ చట్టం వచ్చింది. దీనితో సంస్కరణ సెగ పల్లె భూస్వామికే కాక పట్టణ సంపన్నులకూ తగిలింది.

3.2 రాజకీయ ప్రాతినిధ్యం, రిజర్వేషన్లు

1972 మార్చిలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. 287 స్థానాలలో కాంగ్రెసు 219 గెలుచుకొంది. ఆ ఎన్నికలలో బలహీన వర్గాలకు మునుపెన్నడూ లేనంతగా టికెట్లు దక్కాయి. వాటి వాటా 70 శాతమని రాజకీయ రచనలలో విస్తృతంగా పేర్కొంటారు. జిల్లా, తాలూకా స్థాయిలలో పార్టీని నడిపిస్తూ వచ్చిన భూవసతి గల కుటుంబాలకు ఇది సూటిగా తగిలిన దెబ్బ. అవి పార్టీలోనే ఉన్నాయి. కాని పార్టీ ఇక తమది కాదన్న భావన వాటిలో మొదలైంది.

వెనుకబడిన తరగతులకు విద్య, ఉద్యోగాలలో 25 శాతం రిజర్వేషన్లు కల్పిస్తూ అనంతరామన్ కమిషన్ సిఫార్సుల ఆధారంగా 1970లో వెలువడిన ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసింది. 1972లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఉత్తర్వు గత ప్రభుత్వానిదే అయినా, అది న్యాయస్థానంలో నిలిచి ఆచరణకు మార్గం ఏర్పడింది ఈ ప్రభుత్వ కాలంలోనే.

3.3 విద్య

విద్యామంత్రిగా ఉన్న కాలంలోనే పి.వి. 1968లో తెలుగు అకాడమీ స్థాపనలో ప్రధాన పాత్ర వహించారు. కళాశాల విద్యను తెలుగు మాధ్యమంలో అందించాలంటే ముందుగా పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదాలు కావాలన్నది ఆ సంస్థ వెనుక ఉన్న ఆలోచన. ముఖ్యమంత్రి అయిన కొద్ది కాలానికే, 1971 నవంబరులో, నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. గ్రామీణ పేద విద్యార్థికి వసతితో కూడిన నాణ్యమైన చదువు అందించే ఈ నమూనా తరువాత రాష్ట్రమంతటా విస్తరించింది. భూసంస్కరణలతో పోలిస్తే ఇది ఎవరి ఆస్తినీ తాకలేదు. కనుక ప్రతిఘటన లేకుండా వేళ్లూనింది. ఒకే ప్రభుత్వం చేపట్టిన రెండు సంస్కరణల భవితవ్యం ఇంత భిన్నంగా ఉండడం గమనార్హం.

4. పదవీచ్యుతి: ముల్కీ నిబంధనలు, భూపరిమితి

1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వోద్యోగానికి 15 ఏళ్ల స్థిరనివాసం అవసరం. ఇదే ముల్కీ నిబంధనల సారం. ఈ రక్షణలు అమలు కావడం లేదన్న ఆవేదనే 1969 తెలంగాణ ఉద్యమానికి నాంది. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి కరీంనగర్, పెద్దపల్లి సహా 10 స్థానాలు గెలిచింది. అదే ఏడాది సమితి కాంగ్రెసులో విలీనమైంది. బ్రహ్మానందరెడ్డి తప్పుకొన్నారు. సెప్టెంబరు 30న పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. 1956లో ఏర్పడిన రాష్ట్రానికి తెలంగాణ నుండి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఆయన.

ఈ నియామకంలోనే ఒక బలహీనత దాగి ఉంది. ఆయన ఢిల్లీ నిర్ణయంతో ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్ర కాంగ్రెసులో ఆయనకు సొంత వర్గం లేదు. వర్గం లేకపోవడమే ఆయన ఎంపికకు అర్హత అయింది. సంస్కరణలు తేవడానికి ఆ స్వేచ్ఛ ఉపకరించింది. సంస్కరణలను కాపాడుకోవలసిన సమయంలో అదే లోపమైంది.

1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పును ముఖ్యమంత్రి అంతిమమైనదిగా పేర్కొనడం కోస్తాంధ్ర, రాయలసీమలలో ఆగ్రహానికి కారణమైంది. విద్యార్థులతో మొదలైన ఆందోళన ఉద్యోగులకు, న్యాయవాదులకు, రైతులకు వ్యాపించి ప్రత్యేక ఆంధ్ర కోర్కెగా మారింది. నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ అయిదు సూత్రాల పథకం ప్రకటించినా ఉద్యమం చల్లారలేదు. డిసెంబరులో ఉద్యోగుల సమ్మె మొదలైంది. ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి సహా ఆ ప్రాంతపు మంత్రులు రాజీనామా చేశారు. 1973 జనవరిలో పి.వి. రాజీనామా, రాష్ట్రపతి పాలన వెంటవెంట వచ్చాయి. శాసనసభ రద్దు కాలేదు. ఆ సభలో ప్రభుత్వం ఓడిపోనూ లేదు. 1973 డిసెంబరు 10న అదే సభ ఆధారంగా జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. అంటే మారింది ఆధిక్యం కాదు, నాయకత్వం.

ఈ ఉద్యమంలో భూపరిమితి పాత్ర ఎంత? భూముల అన్యాక్రాంతంపై నిషేధం 1972 మే నాటిది. ముల్కీ తీర్పు అక్టోబరు నాటిది. ఉద్యమం మొదలయ్యేనాటికే సంపన్న రైతాంగంలో అసంతృప్తి గూడుకట్టుకొని ఉందని ఈ క్రమం సూచిస్తుంది. అయితే వీధుల్లోకి వచ్చిన విద్యార్థికి, గుమాస్తాకు పోగొట్టుకోవడానికి భూమి లేదు. వారి భయం ఉద్యోగం గురించినది, రాజధానిలో తమ స్థానం గురించినది. ఆ భయాన్ని భూస్వాముల కుట్రగా కొట్టిపారేయడం చరిత్రకు న్యాయం చేయదు. సామాన్యుని ఉద్యోగ చింత, సంపన్నుని ఆస్తి చింత ఒకే ప్రభుత్వంపై ఒకే సమయంలో గురిపెట్టాయనడం సమంజసం. మొదటిది ఉద్యమానికి జనబలాన్నిచ్చింది. రెండవది వనరులనిచ్చింది. పార్టీలో దెబ్బతిన్న పాత నాయకత్వానికి ఈ కలయిక అనుకూలించింది.

పి.వి. ఆంగ్లంలో రాసిన ఆత్మకథాత్మక నవల ‘ది ఇన్‌సైడర్’ 1998లో వెలువడింది. కల్లూరి భాస్కరం తెలుగు అనువాదం ‘లోపలి మనిషి’. అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రంలో భూసంస్కరణలకు పూనుకొన్న నాయకుని కథ అది. నవలను చారిత్రక పత్రంగా స్వీకరించలేము. అయినా ముఠా రాజకీయాలనడుమ సంస్కర్త ఒంటరితనాన్ని ఆయన స్వయంగా ఎలా అర్థం చేసుకున్నారో గ్రహించడానికి అది ఉపకరిస్తుంది.

5. చట్టానికీ అమలుకూ మధ్య

1973 జనవరి 1న ఆమోదం పొందిన చట్టం 1975 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఈ మధ్యలో 1974లో 34వ రాజ్యాంగ సవరణ ద్వారా తొమ్మిదవ షెడ్యూలులో చేరి న్యాయస్థానాల సవాళ్లనుండి రక్షణ పొందింది. న్యాయపరంగా చట్టం బలపడింది. గ్రామంలో మాత్రం ఆ రెండేళ్లు భూయజమానికి కలిసివచ్చాయి.

అమలు విధానాన్ని పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది. పరిమితికి మించి భూమి ఉన్న వ్యక్తి స్వయంగా వివరణపత్రం దాఖలు చేయాలి. భూసంస్కరణల ట్రిబ్యునల్ దానిని విచారిస్తుంది. దానిపై అప్పీలు, ఆపై హైకోర్టులో రివిజన్ ఉన్నాయి. ప్రతి దశలోనూ ఆధారం పహాణీయే. సాదా కాగితంపై వెనుకటి తేదీతో రాసిన క్రయపత్రానికి, అనుభవదారు కాలమ్‌లో చేర్చిన బంధువు పేరుకు సాక్ష్యం చెప్పేది పట్వారీయే. 1972 మే 2 అన్న గడువు రిజిస్టరు దస్తావేజును ఆపగలిగింది. గ్రామ దఫ్తరులోని సిరాను ఆపలేకపోయింది.

1977లో చేసిన సవరణ మరొక సడలింపు. దాని ప్రకారం భూమిలేని మేజరు కుమారులుంటే తండ్రి కుటుంబ పరిమితి ఆ మేరకు పెరుగుతుంది. అనేక పెద్ద కుటుంబాలకు ఇది వరమైంది. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో అధికభాగం ఖుష్కీ భూములే. వాటికి పరిమితి ఎలాగూ ఎక్కువ. ఇద్దరు ముగ్గురు ఎదిగిన కుమారులున్న ఇంటిలో తేలే మిగులు ఎంతో ఊహించవచ్చు. తేలినా యజమాని ముందుగా వదులుకొనేది సాగుకు పనికిరాని రాళ్లనేలనే.

కేరళ అనుభవంతో పోలిస్తే ఇక్కడి లోపం బోధపడుతుంది. అక్కడ 1959లో వ్యవసాయ సంబంధాల బిల్లును ఆమోదించిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని ఆ ఏడాది జూలై 31న కేంద్రం తొలగించింది. ప్రభుత్వం పోయినా కౌలురైతు సంఘాలు నిలిచాయి. అవి పట్టుబట్టిన కారణంగా 1970 జనవరి 1 నుండి కౌలుదారీ రద్దు ఆచరణలోకి వచ్చింది. తెలంగాణలో 1951లో సాయుధ పోరాట విరమణ తరువాత అటువంటి రైతుకూలీ నిర్మాణం కరీంనగర్ పల్లెలలో బలంగా మిగలలేదు. పాలక పక్షం దానిని నిర్మించనూ లేదు. చట్టసభలో బలహీన వర్గాల సభ్యుల సంఖ్య పెరిగింది. వారు ప్రతినిధులుగా ఉన్న పల్లెలో సంఘం లేదు. అందువల్ల ప్రభుత్వం సంక్షోభంలో ఉన్నప్పుడు లబ్ధిదారు కావలసిన కూలీ దానికోసం రోడ్డెక్కలేదు. అతనికి అప్పటికి దక్కిందేమీ లేదు. దక్కబోతున్నదని చెప్పిన వారూ లేరు.

6. రెండు జిల్లాలలో తరువాతి పరిణామాలు

1975లో ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూపరిమితి అమలు, వెట్టిచాకిరి నిర్మూలన చేరాయి. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. భూమిపై, శ్రమపై చట్టాలు రెండూ సిద్ధంగా ఉన్న ఈ దశలోనే కరీంనగర్ పల్లెలు కదిలాయి. కాని ఆ కదలిక ప్రభుత్వం వెంట సాగలేదు, ప్రభుత్వానికి ఎదురుగా సాగింది.

అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీ సంఘాలు విస్తరించాయి. వెట్టి మానివేయడం, జీతగాళ్ల వేతనాల పెంపు, దొరలు వసూలు చేసిన దండుగల వాపసు, బంజరు, శిఖం భూముల ఆక్రమణ వాటి ప్రధాన డిమాండ్లు. 1978 సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్ర ఈ కదలిక విస్తృతిని లోకానికి చాటింది. మరుసటి నెలలో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఈ డిమాండ్లలో కొత్త చట్టం అవసరమైనవి అంతగా లేవు. వెట్టి అప్పటికే నేరం. దండుగకు చట్టబద్ధత లేదు. బంజరు ప్రభుత్వానిదే. 1978లో కూలీ సంఘాలు అడిగినదానిలో అధికభాగం చట్టం అప్పటికే అంగీకరించినదే. రాజ్యం తాను రాసుకున్న దానిని అమలు చేయలేకపోయిన చోట మరొక రాజకీయం ప్రవేశించింది. భూపరిమితి చట్టం 1973లోనే సక్రమంగా అమలై ఉంటే ఈ ఉద్యమం వచ్చేది కాదని నిర్ధారించడం సాధ్యం కాదు. దాని మూలాలలో కులం, ఆత్మగౌరవం, గడీ అధికారం కూడా ఉన్నాయి. అయినా అమలుకాని చట్టం మిగిల్చిన ఖాళీ ఈ ఉద్యమానికి న్యాయబద్ధతను సమకూర్చిందని చెప్పవచ్చు.

గోదావరికి ఆవల ఆదిలాబాద్‌లో 1/70 నిబంధన పుస్తకంలో ఎంత కఠినమో ఆచరణలో అంత సడలింది. 1979లో చిన్న కమతాలున్న గిరిజనేతరులను ఖాళీ చేయించవద్దని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చిన్న రైతుపై కనికరంగా కనిపించే ఈ చర్య గోండు రైతు దృష్టిలో చట్టాన్ని చట్టం ఇచ్చినవారే వెనక్కు తీసుకోవడం. భూమి, పట్టాల సమస్యలపై 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తలపెట్టిన గిరిజనుల సభ పోలీసు కాల్పులతో ముగిసింది. మృతులు 13 మంది అన్నది అధికారిక లెక్క. ఆ సంఖ్య అంతకన్నా ఎంతో ఎక్కువని పౌరహక్కుల సంఘాలు, స్థానికులు చెబుతూ వచ్చారు. 1/70 రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో తీర్పిచ్చింది. కరీంనగర్‌లో భూపరిమితి చట్టానికి పట్టిన గతే ఇక్కడ భూబదిలీ నిబంధనకూ పట్టింది. న్యాయస్థానంలో గెలిచిన శాసనం గ్రామ దఫ్తరులో ఓడింది.

7. 1984 అనుభవంతో పోలిక

1983లో 200కు పైగా స్థానాలతో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. దానితో తెలంగాణలో పటేల్-పట్వారీ వ్యవస్థ ముగిసింది. 1985లో సుప్రీంకోర్టు ఈ రద్దును సమర్థించింది. అదే ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. 1973 చట్టం ముట్టుకోని గ్రామ రికార్డు అధికారాన్ని ఈ సంస్కరణ నేరుగా తాకింది. అయితే అప్పటికి భూపరిమితి వివరణపత్రాల దశ ఎప్పుడో దాటిపోయింది. ముందు రావలసిన సంస్కరణ పదేళ్లు వెనుక వచ్చింది.

1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించారు. సభలో బలం నిరూపించుకొనే అవకాశం రామారావుకు ఇవ్వలేదు. రాష్ట్రమంతటా నిరసనలు చెలరేగాయి. సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రభుత్వ బలాన్ని సభలోనే తేల్చాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో స్థిరపరచింది.

రెండు పదవీచ్యుతుల ఫలితాలు వేరుకావడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది అధికార మూలం. 1971 నాటి ముఖ్యమంత్రి అధిష్ఠానం ఎంపిక. 1983 నాటి ముఖ్యమంత్రి ప్రజల ఓటుతో నేరుగా ముడిపడిన నాయకుడు. రెండవది సంస్కరణ ఫలం అందిన తీరు. కిలో రెండు రూపాయల బియ్యం కూలీ ఇంటికి నెలనెలా చేరింది. మిగులు భూమి చేరడానికి వివరణపత్రం, విచారణ, అప్పీలు, పంపిణీ అన్న మెట్లన్నీ దాటాలి. మూడవది వ్యతిరేకత స్వభావం. 1972లో ప్రభుత్వానికి ఎదురుగా ఒక ప్రాంతపు ప్రజలే నిలిచారు. 1984లో ఎదురుగా నిలిచింది రాజభవన్ నిర్ణయం. ప్రజలు ఎవరివైపు ఉండాలో తేల్చుకోవడం అప్పుడు సులభమైంది.

ఈ పోలికను ఒక ప్రభుత్వానికి ప్రశంసగా, మరొకదానికి నిందగా గ్రహించనవసరం లేదు. బియ్యం పథకం ఎవరి ఆస్తినీ తీసుకోలేదు. భూపరిమితి చట్టం తీసుకోవడానికే వచ్చింది. సంపదను పునఃపంపిణీ చేసే సంస్కరణకు శత్రువులు వెంటనే పుడతారు, మిత్రులు ఆలస్యంగా తయారవుతారు. ఆ నడిమి కాలాన్ని దాటించేది వ్యవస్థాగత నిర్మాణమే.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా ఈ క్రింది అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

పి.వి. ప్రభుత్వం శాసనసభలో ఓడిపోలేదు. భూపరిమితి విషయంలో ప్రజలు దానిని తిరస్కరించనూ లేదు. ముల్కీ వివాదం తెచ్చిన ప్రాంతీయ సంక్షోభంలో, పార్టీలోని పాత నాయకత్వపు అసంతృప్తి తోడుకాగా, అధిష్ఠానం నిర్ణయంతో అది తప్పుకొంది.

భూపరిమితి చట్టం 1961 చట్టంలోని లోపాలను గుర్తించి సవరించింది. కాని దాని అమలు పటేల్-పట్వారీల రికార్డులపైనే ఆధారపడింది. చట్టం ఎవరి అధికారాన్ని తగ్గించదలచిందో అమలును వారి చేతిలోనే ఉంచింది. పటేల్-పట్వారీ రద్దు 1973కు ముందే జరిగి ఉంటే భూపరిమితి ఫలితాలు భిన్నంగా ఉండే అవకాశం ఉంది.

కరీంనగర్‌లో 1978 నాటి కదలికలు, ఆదిలాబాద్‌లో 1981 నాటి విషాదం వేర్వేరు సామాజిక పునాదులు గలవి. రెండింటికీ ఉమ్మడి లక్షణం, అమలుకాని చట్టంనుండి పుట్టిన నిరాశ.

గురుకుల విద్య, వెనుకబడిన తరగతుల ప్రాతినిధ్యం వంటి విధానాలు ప్రభుత్వంతోపాటు అంతరించలేదు. తరువాతి దశాబ్దాలలో రాష్ట్ర రాజకీయాల స్వరూపాన్ని అవి క్రమంగా మార్చాయి. కనుక ఆ పదిహేను నెలల పాలనను విఫలమైన ప్రయోగంగా మాత్రమే చూడడం సరికాదు.

నేడు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు పలు చిన్న జిల్లాలుగా విడిపోయాయి. భూరికార్డులు దఫ్తరు నుండి కంప్యూటరుకు చేరాయి. అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరు ఉండాలన్న వివాదం మాత్రం కౌలురైతు విషయంలో, పోడు భూముల విషయంలో ఇంకా సజీవంగానే ఉంది. ట్రిబ్యునళ్ల దస్త్రాలను గ్రామాలవారీగా ఖాస్రా పహాణీతో సరిపోల్చి చేసే అధ్యయనాలు, 1973 చట్టం ఏ పల్లెలో ఏ మెట్టు వద్ద ఆగిపోయిందో నిర్దిష్టంగా తేల్చగలవు. ఈ రెండు జిల్లాల సామాజిక చరిత్రపై కృషిచేసే పరిశోధకులకు అది విలువైన క్షేత్రం.